డిఫాల్టు ప్రాసెసరు: పుట్టిన తేదీ కాదు, అమ్ముడైన తేదీ చూడండి

ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్ళు తీసుకునే నిర్ణయాల్లో బయటివాళ్ళకి అస్సలు కనిపించనిది ఒకటుంది. ఐకాన్లు మార్చినా, మెనూ అటుదిటు చేసినా లోకమంతా గోల చేస్తుంది. కానీ "ఈ సిస్టమ్ కనీసం ఏ ప్రాసెసరు మీద నడవాలి?" అన్న ప్రశ్నకి జవాబు బిల్డు ఫైల్లో ఏ మూలో ఒక్క లైనులో ఉంటుంది. ఆ లైను మారిన రోజున ఎన్నో కంప్యూటర్లు పాడవకుండానే పనికిరానివైపోతాయి. వాటి యజమానుల్లో చాలామందికి ఎందుకు పనికిరాలేదో కూడా తెలియదు.

ఈ టపా ఆ లైను గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, ఒప్పుకోనివాళ్ళు ఇక్కడే పోట్లాట మొదలుపెట్టుకోవచ్చు :) డిఫాల్టు అనేది, ఎంచుకోవడం తెలియనివాళ్ళ తరఫున మనం చేసే ఎంపిక. తెలిసినవాడు ఎలాగూ తనకి కావలసినట్టు మార్చుకుంటాడు. కాబట్టి డిఫాల్టు పెట్టేటప్పుడు చూడాల్సింది తయారుచేసేవాడి మెషీన్ని కాదు, వాడేవాళ్ళలో అందరికంటే చవక మెషీన్ ఉన్నవాణ్ణి.

ముందు కాస్త బేసిక్స్. ప్రోగ్రామర్లు ఈ పేరా దాటేసినా నష్టం లేదు. ప్రాసెసరుకి కొన్ని ఆదేశాలు తెలుసు. కొత్త తరం వచ్చినప్పుడల్లా ఇంకొన్ని కొత్త ఆదేశాలు నేర్చుకుంటుంది. కంపైలరుకి మనం ముందే చెప్పాలి, ఏయే ఆదేశాలు వాడొచ్చో. జీసీసీలో దీనికి మార్చ్ అనే ఆప్షన్ ఉంది (మన 'మార్చు' కాదు, మెషీన్ ఆర్కిటెక్చర్‌కి పొట్టిపేరు). దాని పక్కనే మ్యూన్ లాంటి పేరుతో ఎంట్యూన్ అని ఇంకొకటి ఉంది. చాలామంది ఈ రెండిటినీ కలిపేస్తారు గానీ తేడా చాలా ఉంది. ఎంట్యూన్ అంటే "ఫలానా ప్రాసెసరు మీద బాగా పరిగెత్తేలా కోడుని అమర్చు, మిగతావాటి మీద కూడా నడవాలి" అని. మార్చ్ అంటే "ఫలానా ప్రాసెసరు ఆదేశాలు నిస్సంకోచంగా వాడేసెయ్, అవి రాని ప్రాసెసరు ఏమైపోయినా నాకనవసరం" అని. మొదటిది ఇష్టం, రెండోది హద్దు. తెలియని ఆదేశం ఎదురైతే ప్రాసెసరు నెమ్మదిగా నడవడం, తప్పు లెక్క చెయ్యడం లాంటివేమీ ఉండవు. "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని ఒక్క మాట అని ప్రోగ్రాము చచ్చిపోతుంది. ఆ ఆదేశం జీలిబ్‌సీ లాంటి పునాది లైబ్రరీలో ఉంటే, మొత్తం సిస్టమ్ లేవనే లేవదు.

పాతవాటిని వదలకూడదని నేననడం లేదు. వదలాలి. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టింది ఇంటెల్ 386 మీదే. అదే 386కి మద్దతుని 2013 ఫిబ్రవరిలో విడుదలైన 3.8 కెర్నెల్ నుంచి తీసేశారు. పుట్టిల్లు కదా అని ఆయన కన్నీళ్ళేమీ పెట్టుకోలేదు. కారణం సబబైనదే. 386లో కొన్ని ముఖ్యమైన ఆదేశాలు లేవు, కెర్నెల్ మెమరీ రక్షణకి కావలసిన ఒక సదుపాయం లేదు. ఆ లోటు పూడ్చడానికి రాసిన ప్రత్యేక కోడు వల్ల ఏ మార్పు చెయ్యాలన్నా తలనొప్పే. అప్పటికి 386 మీద కొత్త కెర్నెల్ నడుపుకుంటున్నవాళ్ళు సరదాకి నడిపేవాళ్ళే తప్ప, అది లేకపోతే పని ఆగిపోయేవాళ్ళు కారు. 2025లో 486ని కూడా తీసేద్దామని పాచ్‌లు వచ్చాయి. దానికీ నాకు అభ్యంతరం లేదు.

డెబియన్ కథ ఇంకా చక్కగా ఉంటుంది. వాళ్ళ 32 బిట్ల ఆర్కిటెక్చరు పేరు ఇప్పటికీ ఐ386 గానే ఉంది గానీ, లోపల కనీస ప్రాసెసరు మాత్రం మెట్టు మెట్టుగా పెరుగుతూ వచ్చింది. చివరికి 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ల పీసీల కోసం కెర్నెల్ లేదు, ఇన్‌స్టాలరూ లేదు. అయితే ఆ దారి నడవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది, ప్రతి మెట్టూ విడుదల పత్రాల్లో రాసిపెట్టారు. నా దృష్టిలో వదలడమంటే ఇలా వదలాలి.

అసలు చిక్కు 64 బిట్ల దగ్గరుంది. ఏఎండీ 2003లో ఆప్టెరాన్‌తో ఈ ఆర్కిటెక్చరు తెచ్చినప్పటినుంచి చాలాకాలం "64 బిట్ అయితే చాలు" అన్నదే రూలు. ఎస్ఎస్ఈ2 దాకా అన్నిట్లోనూ ఉంటుంది కాబట్టి గొడవ లేదు. ఆ తర్వాత వచ్చిన ఆదేశాలు వాడాలంటే ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి. 2020లో ఏఎండీ, ఇంటెల్, రెడ్ హ్యాట్, సూసే వాళ్ళు కలిసి నాలుగు మెట్లు నిర్ణయించారు. వీ1 అంటే 2003 నాటి మూలం. వీ2 అంటే ఎస్ఎస్ఈ4.2, పాప్‌కౌంట్ వగైరా, సుమారుగా 2008 నాటి ఇంటెల్ నెహలెం. వీ3 అంటే ఏవీఎక్స్2, ఎఫ్ఎంఏ వగైరా, సుమారుగా 2013 నాటి హాస్వెల్. వీ4 అంటే ఏవీఎక్స్512. ఇలా మెట్లకి పేర్లు పెట్టడం మంచిపనే. అంతకుముందు ఎవరికి తోచిన ఆదేశాల జాబితా వాళ్ళు రాసుకునేవారు.

తర్వాత ఒక్కొక్కరూ మెట్టెక్కడం మొదలైంది. 2022లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9కి వీ2 కావాలి. అంటే కోర్ 2 డుయోలు బయటికి. 2025 మే నెలలో వచ్చిన 10కి వీ3 కావాలి. అంటే 2012 నాటి మూడో తరం ఐ5, ఐ7 కూడా బయటికే, వాటిలో ఏవీఎక్స్ ఉంది గానీ ఏవీఎక్స్2 లేదు. 2025 అక్టోబరులో వచ్చిన ఓపెన్‌సూసే లీప్ 16కి వీ2 కావాలి.

"హాస్వెల్ వచ్చి పన్నెండేళ్ళయింది, ఇంకా ఎంతకాలం ఆగాలి?" అన్నది మెట్టు పెంచేవాళ్ళ వాదన. వినడానికి బాగానే ఉంది. ఇక్కడే నాకు పేచీ. హాస్వెల్ వచ్చి పన్నెండేళ్ళయింది సరే, ఏవీఎక్స్2 లేని ప్రాసెసర్లు అమ్మడం మానేసి ఎన్నేళ్ళయింది?

ఇంటెల్ చాలా ఏళ్ళపాటు ఏవీఎక్స్2ని ఖరీదైన చిప్పులకే ఉంచింది. ఒకే తరం, ఒకే డిజైన్ అయినా కోర్ ఐ3 అని పేరు పెడితే ఏవీఎక్స్2 ఉండేది, పెంటియమ్ అని పెడితే ఉండేది కాదు. 2020లో డెస్క్‌టాప్‌లకి వచ్చిన పెంటియమ్ గోల్డ్ జీ6400లో లేదు. చవక ల్యాప్‌టాపుల్లో తెగ వాడిన సెలెరాన్ ఎన్4020, 2019 చివర్లో వచ్చింది, అందులో లేదు. దాని తర్వాత 2021లో వచ్చిన ఎన్4500లోనూ లేదు. ఆ వరుసలో ఏవీఎక్స్2 వచ్చింది 2023 జనవరిలో, ఎన్100 లాంటివాటితో. అంటే 2013లో పుట్టిన ఆదేశం చవక మెషీన్ దాకా రావడానికి పదేళ్ళు పట్టింది. పైగా ప్రాసెసరు విడుదలైన రోజే దుకాణాల్లో పాతది మాయమైపోదు. మన దగ్గర పాత మోడళ్ళు తర్వాత కూడా ఒకటి రెండేళ్ళు అమ్ముడవుతూనే ఉంటాయి.

మా పిన్ని కొడుకు 2021లో, ఆన్‌లైన్ క్లాసుల గోలలో, అలాంటి ల్యాప్‌టాపే కొనుక్కున్నాడు. ఎన్4500, నాలుగు జీబీ ర్యామ్. "అన్నయ్యా, కోడింగ్ నేర్చుకోవాలి, లినక్స్ ఏది వెయ్యమంటావు?" అని ఈమధ్య అడిగాడు. నేను ముందు చూడాల్సి వచ్చింది ఏమిటో తెలుసా? ఏ డిస్ట్రో బావుంటుంది అని కాదు, ఏ డిస్ట్రో వాడి ప్రాసెసర్ని రానిస్తుంది అని. నాలుగేళ్ళ కిందట సీలు తీసిన మెషీన్ గురించి మాట్లాడుతున్నాం. ఆఫీసులో నేను వాడే 2015 నాటి పాత కోర్ ఐ5 మాత్రం వీ3 పరీక్షలో దర్జాగా పాసవుతుంది. వయసులో ఇది పెద్దది, కానీ డబ్బున్న ఇంట్లో పుట్టింది, అంతే.

అందుకే అంటున్నాను, ప్రాసెసరు ఆదేశం పుట్టిన తేదీ చూసి లెక్క కట్టొద్దు. ఆ ఆదేశం లేని ఆఖరి ప్రాసెసరు ఎప్పుడు అమ్ముడైందో, అక్కడినుంచి లెక్క కట్టండి. మొదటి లెక్క ప్రకారం వీ3కి పన్నెండేళ్ళు నిండాయి. రెండో లెక్క ప్రకారం దానికింకా బడికి వెళ్ళే వయసు కూడా రాలేదు.

ఇంతకీ ఈ మెట్టు ఎక్కితే వచ్చే లాభమెంత? వీడియో ఎన్‌కోడింగు, మ్యాట్రిక్సు లెక్కలు, ఎన్‌క్రిప్షను లాంటివాటిలో ఏవీఎక్స్2 తేడా బాగానే ఉంటుంది. కాకపోతే అలాంటి ప్రోగ్రాముల్లో చాలావరకు ఎప్పటినుంచో ప్రాసెసర్ని అడిగి తెలుసుకునే పని చేస్తున్నాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఓపెన్ఎస్ఎస్ఎల్ లాంటివి నడిచేటప్పుడు "నీకు ఏవీఎక్స్2 వచ్చా?" అని ప్రాసెసర్ని అడిగి, వస్తే ఆ కోడు, రాకపోతే మామూలు కోడు నడుపుతాయి. వాటికి డిఫాల్టు ఏమైనా ఒకటే. ఇక మిగిలినవి టెక్స్ట్ ఎడిటరూ, ఫైల్ మేనేజరూ, షెల్లూ. ఉబుంటు వాళ్ళు 2025లో తమ పాకేజీలని వీ3కి మళ్ళీ కంపైల్ చేసి చూసి, ఎక్కువ భాగం పాకేజీల్లో పెరిగిన వేగం సుమారు 1 శాతమేనని, లెక్కలు ఎక్కువ చేసేవాటిలో అంతకంటే ఎక్కువని చెప్పారు. సర్వర్ల గదిలో వెయ్యి మెషీన్లు నడిపేవాడికి 1 శాతం అంటే పది మెషీన్లు, కరెంటు బిల్లులో కనిపిస్తుంది. ఇంట్లో వాడుకునేవాడికి 1 శాతం అంటే ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాని కోసం ఇంకొకడి మెషీన్ బూటు కాకుండా చెయ్యడం న్యాయమేనా?

ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు గుర్తు తెచ్చుకోండి. ఆ ఎత్తు పెట్టినవాడు కుర్రాడే అయ్యుంటాడు. ఎక్కగలిగినవాడికి మెట్టు ఎంత ఎత్తుందో కూడా గుర్తుండదు. ఎక్కలేని మామ్మ మాత్రం కింద నిలబడి చెయ్యందించమని అడుగుతుంది.

ఎదుటివాళ్ళ వాదనలో బలం లేదని కాదు. పాత ప్రాసెసర్ని మోయడానికి ఖర్చవుతుంది. ఎవరో ఒకరు పరీక్షించాలి, బగ్ వస్తే సరిచెయ్యాలి. ఆ మెషీన్ ఎవరి దగ్గరా లేకుండా "మద్దతు ఉంది" అని రాసుకోవడం ఉత్తమాట. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ విషయానికొస్తే, వాళ్ళ ఖాతాదారులు డేటా సెంటర్ల వాళ్ళు. పదేళ్ళపాటు ఒకే వెర్షన్ నడవాలి కాబట్టి 2025లో గీసిన గీత 2035లో ఎలా కనిపిస్తుందో కూడా వాళ్ళు చూసుకోవాలి. వాళ్ళ జనానికి వీ3 సరైనదే కావచ్చు. నా పేచీ వాళ్ళతో కాదు. "రెడ్ హ్యాట్ చేసింది కాబట్టి మనమూ చేద్దాం" అనే ఇళ్ళలో వాడే డిస్ట్రోలతో. అదే రెడ్ హ్యాట్ 10 మూలం నుంచి వచ్చే ఆల్మాలినక్స్ 10 చూడండి, వీ3తో పాటు వీ2కి విడిగా ఇంకొక బిల్డు కూడా ఇస్తోంది. తన జనం ఎవరో దానికి తెలుసు. ఫెడోరా 2019లోనే ఏవీఎక్స్2 తప్పనిసరి చేద్దామన్న ప్రతిపాదన మీద చర్చించి, వద్దని తోసిపుచ్చింది. అదీ తెలివైన పనే.

ఇంకో తమాషా ఉంది. ప్రాసెసరు సరికొత్తదే అయినా డిఫాల్టు దెబ్బకొట్టే సందర్భం. వర్చువల్ మెషీన్లలో లోపలి సిస్టమ్‌కి కనిపించేది అసలు ప్రాసెసరు కాదు, దాని మీద కప్పిన ఒక ముసుగు. క్యూఈఎంయూ, ప్రాక్స్‌మాక్స్ లాంటివాటిలో చాలాకాలం ఆ ముసుగు డిఫాల్టుగా వీ1 స్థాయిదే ఉండేది, ఏ మెషీన్ మీంచి ఏ మెషీన్ మీదికైనా తరలించుకోవచ్చని. రెడ్ హ్యాట్ 9 వచ్చాక దాన్నో, దాని మీద కట్టిన కంటైనర్నో అలాంటిచోట నడిపితే, కింద ఎంత ఖరీదైన జియాన్ ఉన్నా, "ఈ సీపీయూకి వీ2 రాదు" అని జీలిబ్‌సీ మొరాయించేది. ఎందరో ఇంజినీర్లు ఆ మెసేజి చూసి గంటలకి గంటలు తల గోక్కున్నారు. చివరికి ప్రాక్స్‌మాక్స్ 2023లో తన వెర్షన్ 8తో కొత్త వర్చువల్ మెషీన్ల డిఫాల్టుని వీ2 స్థాయికి మార్చింది. రెండు డిఫాల్టులు, రెండూ ఎవరికివారు సబబుగా పెట్టుకున్నవే, ఒకదానికొకటి గుద్దుకున్నాయి. డిఫాల్టు మార్చేవాడు తన ఇంటివరకే చూసుకుంటే చాలదు అనడానికి ఇదొక ఉదాహరణ.

గీత తప్పుచోట పడితే జనం ఎంత శ్రమ పడాల్సి వస్తుందో రాస్ప్‌బెర్రీ పై చూపించింది. 2012లో మొదటి పై వచ్చినప్పుడు దాని చిప్పు ఏఆర్ఎమ్‌వీ6 రకం, దశాంశాల లెక్కలకి హార్డ్‌వేర్ ఉంది. డెబియన్‌లో అప్పటికి రెండు దారులున్నాయి. హార్డ్‌వేర్ లెక్కలు వాడే దారికి ఏఆర్ఎమ్‌వీ7 కావాలి, పై ఎక్కలేదు. ఇంకో దారిలో ఎక్కొచ్చు గానీ చేతిలో ఉన్న హార్డ్‌వేర్ వృథా. రెండు మెట్ల మధ్య ఇరుక్కుపోయిన ఆ చిన్న బోర్డు కోసం స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు డెబియన్ పాకేజీలన్నిటినీ మళ్ళీ కంపైల్ చేశారు. అలా పుట్టిందే రాస్పియన్. వాళ్ళు ఆ పని చెయ్యకపోతే ఎందరు పిల్లల మొదటి కంప్యూటరు కుంటుకుంటూ నడిచేదో!

సరే, తిట్టడం తేలిక, మరి ఏం చెయ్యమంటావు అంటారా? నేను చెప్పేవి నాలుగే.

ఒకటి. కింది మెట్టు డిఫాల్టుగా ఉంచండి, పై మెట్టు ఉన్నవాడికి అదనంగా ఇవ్వండి. దీనికి పనిముట్లు ఇప్పటికే ఉన్నాయి. లినక్స్ కెర్నెల్ బూటయ్యేటప్పుడు ప్రాసెసర్ని చూసి తన కోడుని తనే సవరించుకుంటుంది. జీలిబ్‌సీ 2.33 నుంచి, అంటే 2021 నుంచి, ఒకే లైబ్రరీకి వీ1, వీ2, వీ3 ప్రతులు పక్కపక్కన పెడితే ప్రాసెసరుకి తగ్గది అదే ఎంచుకుంటుంది. ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ కొన్ని లైబ్రరీలకి ఇదే చేస్తోంది. ఉబుంటు 25.10లో మామూలు బిల్డు అలాగే ఉంచి, కావాలన్నవాళ్ళకి వీ3 పాకేజీలు విడిగా ఇచ్చారు. డిస్కులో చోటు కాస్త ఎక్కువ పడుతుంది, బిల్డు సర్వర్లకి పని పెరుగుతుంది. ఆ ఖర్చు తయారుచేసేవాడి నెత్తిన పడుతుంది, వాడేవాడి నెత్తిన కాదు. పడాల్సింది అక్కడే.

రెండు. ప్రాసెసరు పేరుని బట్టి కాదు, దానికొచ్చిన విద్యల్ని బట్టి నిర్ణయించండి. అప్పట్లో వీఐఏ సీ3 అనే చిప్పు తనని తాను 686 కుటుంబమని చెప్పుకునేది, తీరా చూస్తే 686లో ఉండాల్సిన సీమూవ్ ఆదేశం మొదట్లో దానికి లేదు. పేరు నమ్మి 686 కెర్నెల్ వేస్తే అంతే సంగతులు. పెంటియమ్, సెలెరాన్ పేర్లతో ఇప్పుడు జరుగుతున్నదీ అదే.

మూడు. వదలక తప్పనప్పుడు ఇన్‌స్టాల్ చెయ్యకముందే చెప్పండి. డెబియన్‌లో ఐఎస్ఏ సపోర్ట్ అనే చిన్న ఏర్పాటు ఉంది. ఏదైనా పాకేజీకి ఫలానా ఆదేశం కావాలంటే, ప్రాసెసరులో అది లేకపోతే ఇన్‌స్టాల్ దగ్గరే ఆపేస్తుంది. ఇంతే కావాల్సింది. అప్‌డేట్ కొట్టి, రీబూట్ చేసి, నల్లటి తెర చూసి, "మదర్‌బోర్డు పోయిందేమో" అని షాపుకి పట్టుకెళ్ళే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

నాలుగు. బిల్డు చేసే మెషీన్ని నమ్మొద్దు. "మార్చ్ నేటివ్" అని పెడితే కంపైలరు తను కూర్చున్న ప్రాసెసరుకి తగ్గట్టు కోడు ఇస్తుంది. సొంతానికైతే బ్రహ్మాండం, పదిమందికి పంచేదానికి మాత్రం ప్రమాదం. విడుదలకి ముందు ఒక్కసారైనా అతి చవక మెషీన్ మీద బూటు చేసి చూడండి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 చూస్తే 2017కి ముందు వచ్చిన ప్రాసెసర్లలో దాదాపు అన్నిటినీ అధికారికంగా రానివ్వదు. అంటే బాగా పనిచేస్తున్న కంప్యూటర్లు ఎన్నో వీధిన పడ్డాయి. వాటికి లినక్స్ ఒక ఇల్లు. ఇన్నేళ్ళూ మనం "పాత కంప్యూటరా? పారెయ్యకు, లినక్స్ వేసుకో" అని చెప్పుకుంటూ వచ్చాం. మన బడులకి కంప్యూటర్లు తరచుగా వచ్చేదీ అలాగే, ఎవరో వాడి ఇచ్చేసినవి. స్వేచ్ఛ సంస్థ వాళ్ళు పిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' తెచ్చింది అలాంటి బడుల కోసమే. ఇలాంటి చిన్న ప్రయత్నాలన్నీ ఏదో ఒక పెద్ద డిస్ట్రో మీదే నిలబడతాయి. పైవాడు ఎక్కడో ఒక లైను మారిస్తే, కింద ఏదో ఊళ్ళో బడి ల్యాబులో పది మెషీన్లు లేవవు. ఆ బడి పంతులుగారు బగ్ రిపోర్టు రాయరు. మూల పడేస్తారు. అందుకే తయారుచేసేవాళ్ళ లెక్కల్లో వాళ్ళు ఎప్పుడూ కనిపించరు, "ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదుగా" అనుకుంటారు వీళ్ళు.

మీ మెషీన్ ఏ మెట్టు మీద ఉందో తెలుసుకోవాలంటే టెర్మినల్లో ఎల్ఎస్‌సీపీయూ అని కొట్టి, ఫ్లాగ్స్ వరుసలో ఏవీఎక్స్2 ఉందో లేదో చూడండి. ఉంటే మీకే ఢోకా లేదు. లేకపోతే, మీరు వాడే డిస్ట్రో వాళ్ళు కనీస ప్రాసెసరు గురించి చర్చ పెట్టినప్పుడు వెళ్ళి ఒక మాట చెప్పి రండి, "నేనింకా ఇక్కడే ఉన్నాను" అని. మా తమ్ముడికి మాత్రం డెబియన్ వేసిచ్చాను. వాడి సెలెరాన్ మీద శుభ్రంగా నడుస్తోంది.